ముసలి గినీ పిగ్‌కు లంఖణం మందు కాదు

కడుపు చెడితే ఒక పూట పస్తు ఉంచడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. ‘లంఖణం పరమౌషధం’ అని పెద్దలు ఊరికే అనలేదు. మనిషికి అజీర్తి చేసినప్పుడు పొట్టకు కాస్త విశ్రాంతి ఇస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ఆ తర్వాత మెత్తగా పిసికిన పెరుగన్నమో, పలుచటి రాగి జావో పెడతారు. అనంతపురంలో గినీ పిగ్‌ను పెంచుకునే ఇంట్లో కూడా ఇదే జరుగుతుంది. ఐదేళ్ళ వయసున్న ఆ చిన్న ప్రాణి ఒక పొద్దున గడ్డి ముట్టకుండా మూలన ముడుచుకుని కూర్చుంటే, ‘కడుపు బాగాలేనట్టుంది, ఈ పూటకు ఏమీ పెట్టొద్దు, సాయంత్రానికి అదే తేరుకుంటుంది’ అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. ప్రేమతోనే అనుకుంటారు. కానీ ఈ జంతువు విషయంలో సాయంత్రం దాకా ఆగడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఎందుకో తెలియాలంటే దాని పేగుల తీరు తెలియాలి. గినీ పిగ్ పందీ కాదు, గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో వేల ఏళ్ళ కిందట మనుషులు మచ్చిక చేసుకున్న ఎలుకల వర్గపు జీవి. చల్లటి కొండల మీద రోజంతా గడ్డి కొరుకుతూ బతికే శరీరం దానిది. గడ్డి తినే జంతువుల గురించి మన జిల్లావాళ్ళకు కొత్తగా చెప్పాల్సింది లేదు, గొర్రెలు ఇక్కడి బతుకులో భాగం. అయితే గొర్రెకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. గొర్రె గడ్డిని ముందు పెద్ద పొట్టలో పులియబెడుతుంది, నెమరు వేస్తుంది, పుట్టిన గ్యాస్‌ను త్రేన్పుల్లో బయటికి వదిలేస్తుంది. గినీ పిగ్‌లో ఆ పులియడం చిన్నపేగు దాటాక, వెనక వైపు జరుగుతుంది. అక్కడ సీకమ్ అనే పెద్ద సంచి ఉంటుంది, పాఠ్యపుస్తకాల్లో అంధనాళం అంటారు. పేగుల్లో ఉన్న మొత్తం మేతలో సగానికి పైగా అందులోనే ఉండొచ్చు. అక్కడున్న బ్యాక్టీరియా పీచును విరగ్గొట్టి పోషకాలుగా, బి విటమిన్లుగా మారుస్తుంది. వాటిని ఒంటికి పట్టించుకోవడానికే గినీ పిగ్ ఒక రకం మెత్తటి పెంటికలను నేరుగా నోటితో అందుకుని మళ్ళీ తింటుంది. చూసేవాళ్ళకు అసహ్యంగా అనిపించినా అది దాని భోజనంలో భాగమే, ఆపకూడదు.

ఈ ఏర్పాటంతా ఒకే ఒక్క షరతు మీద నడుస్తుంది. పై నుంచి ముతక పీచు వస్తూనే ఉండాలి. కొత్త మేత వెనక నుంచి నెడితేనే పాత మేత ముందుకు కదులుతుంది. తినడం ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది, లోపలున్నది ఎండి గట్టిపడుతుంది, మంచి బ్యాక్టీరియా తగ్గి చెడ్డది పెరుగుతుంది, గ్యాస్ చేరుతుంది. గ్యాస్ వల్ల నొప్పి, నొప్పి వల్ల మరింత తినకపోవడం. పైగా గినీ పిగ్ వాంతి చేసుకోలేదు కాబట్టి లోపలికి వెళ్ళింది పైకి వచ్చే దారి లేదు. ఇంకోవైపు ఆకలితో ఉన్న ఒళ్ళు నిల్వ ఉన్న కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది, ఆ కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది. బాగా బొద్దుగా ఉన్న జంతువుకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇదంతా జరగడానికి రోజులు పట్టదు. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే డాక్టర్‌కు చూపించాల్సిందే, ఇరవై నాలుగు గంటలు దాటితే ప్రాణాపాయం అనుకోవాలి.

ఇక వయసు సంగతి. గినీ పిగ్ ఆయుష్షు సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళు. నాలుగైదేళ్ళు వచ్చాయంటే పెద్ద వయసు కిందే లెక్క. ఆ వయసులో ‘కడుపు పాడైంది’ అని కనిపించే చాలా సందర్భాల్లో అసలు జబ్బు కడుపులో ఉండదు. ఎక్కడో నొప్పి ఉంటుంది, దానివల్ల మేత తగ్గుతుంది, మేత తగ్గడం వల్ల పేగులు దెబ్బతింటాయి. బయటికి కనిపించేది చివరి మెట్టు మాత్రమే. కాబట్టి కడుపుకు మందు వేసి ఊరుకుంటే రెండు రోజుల్లో మళ్ళీ మొదటికే వస్తుంది.

అందులో మొదట అనుమానించాల్సింది పళ్ళను. గినీ పిగ్‌కు ఇరవై పళ్ళు, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముతక గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. ఏళ్ళ తరబడి గడ్డి తక్కువ, మెత్తటి మేత ఎక్కువ తిన్న జంతువుకు వయసు మళ్ళాక దవడ పళ్ళు వంకరగా పెరిగి, నాలుక మీదికి రెండు వైపుల నుంచి వంతెనలా వంగుతాయి. అప్పుడు దానికి ఆకలి ఉంటుంది, మేత దగ్గరికి వస్తుంది, నోట పెట్టుకుంటుంది, నమలలేక వదిలేస్తుంది. ముందు గడ్డి మానేస్తుంది, తర్వాత గట్టి గుళికలు (కొట్లో అమ్మే పెల్లెట్ మేత), చివరికి దోసకాయ ముక్క లాంటివే తింటుంది. గడ్డం కింద తడిగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు పెదవి ఎత్తి ముందుపళ్ళు చూసి ‘బాగానే ఉన్నాయి కదా’ అనుకుంటారు. నోరు చాలా ఇరుకు, దవడ పళ్ళు అలా కనిపించవు. వాటిని సరిగా చూడాలంటే పరికరం కావాలి, చాలాసార్లు మత్తు కూడా ఇవ్వాల్సి వస్తుంది.

మూత్రాశయంలో రాళ్ళు ఇంకో కారణం. మూత్రం పోసేటప్పుడు కీచుమని అరవడం, మూత్రంలో రక్తం, వీపు గూనిలా వంచడం వాటి గుర్తులు. పెద్ద వయసు ఆడవాటిలో అండాశయాల్లో నీటి తిత్తులు తరచుగా వస్తాయి. పొట్ట పెద్దదిగా కనిపిస్తే కడుపుబ్బరం అనుకుంటారు కానీ, రెండు పక్కలా సమానంగా వెంట్రుకలు రాలుతుంటే ఈ తిత్తులను అనుమానించాలి. బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ వైపు చూడాలి. కీళ్ళనొప్పుల సంగతి మరీ మోసం చేస్తుంది. నొప్పితో ఒళ్ళు వంచలేని జంతువు తన మెత్తటి పెంటికలను అందుకోలేదు. అవి కింద పడి నలిగి, కాళ్ళకు అంటుకుని విరేచనాల్లా కనిపిస్తాయి. అసలు విరేచనమే ఉండదు.

అందుకే పెంటికలను చదవడం నేర్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి గోధుమ రంగులో, కోలగా, గట్టిగా, లోపల కాస్త తడిగా, ఒకే సైజులో ఉంటాయి, రోజుకు వందకు పైగానే పడతాయి. చిన్నవి, ఎండినవి, తోకలా మొన తేలినవి కనబడితే మేత తగ్గి ఒకటి రెండు రోజులు అయినట్టే. వెంట్రుకతో దండలా కలిసి వచ్చినా పేగులు నెమ్మదించాయని అర్థం. మెత్తగా ఉన్నా ఆకారం ఉండి, జంతువు హుషారుగా తింటూ ఉంటే ముందు రోజు పెట్టిన ఆకుకూరలు ఎక్కువై ఉండొచ్చు. ఆకారం లేకుండా నీళ్ళలా, దుర్వాసనతో పోతుంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కిలో అటూ ఇటూ ఉండే ప్రాణికి ఒంట్లో నీళ్ళు ఎన్నో ఉండవు. అసలు పెంటికలే లేకపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం.

పెంటికల కన్నా ముందు నిజం చెప్పేది కాటా. వంటింట్లో పిండి తూచే డిజిటల్ కాటా చాలు. పెద్ద గినీ పిగ్ 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా ఉంటుంది. వారానికొకసారి తూచి రాసుకుంటే, ఒంట్లో బాగాలేనప్పుడు రోజూ ఒకే వేళకు తూస్తే, కంటికి కనిపించని మార్పు అంకెల్లో కనిపిస్తుంది. 50 గ్రాములు తగ్గితే జాగ్రత్త పడాలి, కిలో ఉన్నది 900కి వస్తే అది చిన్న విషయం కాదు. వేటాడే జంతువులకు ఆహారమయ్యే జాతి కాబట్టి ఇది జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. బొచ్చు ఎముకలను దాచేస్తుంది. నాలుగేళ్ళు దాటిన గినీ పిగ్ ఉన్న ఇంట్లో ఏ మందుకన్నా ముందు ఉండాల్సింది ఈ రాసుకున్న కాగితమే.

తినడం మానేసిందని తెలిసిన వెంటనే చూడాల్సింది పొట్ట. చేత్తో మెల్లగా తాకితే మెత్తగా ఉందా, డప్పులా బిగుసుకుందా? బిగుసుకుని, వేళ్ళతో తడితే బోలుగా మోగుతూ, జంతువు పళ్ళు నూరుతూ, వేగంగా ఊపిరి తీస్తుంటే ఇంట్లో ఏమీ చేయకూడదు, ఏమీ తినిపించకూడదు. ఇది కడుపుబ్బరం. ఒక్కోసారి పొట్ట మెలి తిరిగి ఉండొచ్చు కూడా. ఎక్స్‌రే తీసి, నొప్పి తగ్గించి, గ్యాస్ తీయాల్సిన పరిస్థితి. గొర్రెకు ఉబ్బరం వస్తే నూనె తాగించే పద్ధతి పల్లెల్లో ఉంది కదా అని దీనికీ నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది. గొర్రెలో గ్యాస్ ఉండే చోటు వేరు, దీనిలో వేరు.

పొట్ట మెత్తగా ఉండి, కేవలం తినడం తగ్గి ఉంటే ఆసుపత్రికి చేరేలోగా సిరంజితో తినిపించాలి. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి మెడికల్ షాపులో దొరుకుతుంది. రోజూ తినే గుళికలనే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేయాలి. పీచు ఉన్న మేతే కావాలి. పెరుగన్నం, గంజి, రాగి జావ, బిస్కెట్ ఏవీ పనికిరావు. ఆ పిండిపదార్థం సీకమ్‌లోకి పోయి చెడ్డ బ్యాక్టీరియాకు విందవుతుంది. పాలను అరిగించుకునే శక్తి కూడా పెద్ద గినీ పిగ్‌కు ఉండదు. జంతువును వెల్లకిలా పడుకోబెట్టకుండా తువ్వాలులో చుట్టి, మామూలుగా కూర్చున్నట్టే పట్టుకుని, ముందుపళ్ళ వెనక ఖాళీలోకి పక్క నుంచి సిరంజి పెట్టి, అర మిల్లీలీటరు చొప్పున వదలాలి. నమిలి మింగాకే తర్వాతిది. పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 50 నుంచి 80 మిల్లీలీటర్లు, అది కూడా ఆరేడు విడతలుగా, రాత్రి పూట కూడా. ఓపిక కావాలి. ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకుంటే తప్ప ఒక్కరివల్ల అయ్యే పని కాదు. పక్కన ఎప్పుడూ గడ్డి, నీళ్ళు ఉంచాలి. ఇది వైద్యం కాదు, వైద్యం అందేదాకా పేగులను ఆగిపోనివ్వకుండా చూసుకోవడం.

మందుల దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. మనుషులు విరేచనాలు ఆగడానికి వేసుకునే మాత్రలు పేగుల కదలికను ఆపేస్తాయి, దీనికి అవి చాలా ప్రమాదం. అంతకన్నా ప్రమాదం అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్. ఇవి కుక్కకు, మనిషికి రోజూ వాడేవే. గినీ పిగ్ పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియాను ఇవి తుడిచిపెట్టేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఇంట్లో పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు మిగిలిన యాంటీబయాటిక్ సిరప్‌లో రెండు చుక్కలు వేస్తే పోలా అన్న ఆలోచనే రాకూడదు. యాంటీబయాటిక్ తప్పనిసరి అయితే ఎన్‌రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా లాంటి కొంత భద్రమైనవి ఉన్నాయి. ఏది, ఎంత అనేది డాక్టరే తేల్చాలి. చాలా కేసుల్లో అసలు అవసరమయ్యేది యాంటీబయాటిక్ కాదు, నొప్పి తగ్గించే మందు, చర్మం కింద ఎక్కించే సెలైన్.

ఇక మేత. ఈ జంతువుకు రోజూ తినేదాంట్లో ముప్పాతికకు పైగా ఎండుగడ్డి ఉండాలి. పుస్తకాల్లో తిమోతి గడ్డి అని ఉంటుంది. అది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ఖరీదు ఎక్కువ. అది రావడం ఆలస్యమైన వారంలోనే కడుపు గొడవలు మొదలవుతుంటాయి, ఎందుకంటే చేతికందింది పెడతారు. అనంతపురం జిల్లాలో చేతికందేది వేరుశనగ కట్టె, అంటే కాయలు తీసేశాక మిగిలే ఎండు మొక్క. పశువులకు అది బంగారం లాంటి మేత. కానీ పప్పుజాతి మొక్క కాబట్టి దానిలో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. మూత్రాశయంలో రాళ్ళ భయం ఉన్న ముసలి గినీ పిగ్‌కు అదే ప్రధాన మేత కాకూడదు. కోత వానకు తడిసి వాములో బూజు పట్టిన కట్టె అయితే అసలు దగ్గరికి రానివ్వకూడదు. వేరుశనగకు పట్టే బూజు వదిలే అఫ్లాటాక్సిన్ విషాన్ని గినీ పిగ్ కాలేయం తట్టుకోలేదు. బుడ్డలు (వేరుశనగ కాయలు) కూడా వద్దు, అంతా కొవ్వే. జొన్న మేత విషయంలో ఇక్కడి రైతులకు తెలిసిన భయమే దీనికీ వర్తిస్తుంది. బెట్టకు వాడిన లేత జొన్నలో, కోసిన మోడు నుంచి లేచిన పిలకల్లో సైనైడ్ పుట్టే పదార్థం ఉంటుంది. పశువులకు నాము తగిలిందనేది దాన్నే. పశువులనే పడగొట్టేది కిలో ప్రాణిని వదలదు. వరిగడ్డిలో విషం ఏమీ లేదు, కానీ సత్తువ కూడా లేదు. ఒకటి రెండు రోజులకు పరవాలేదు.

నిజంగా మేలు చేసేది గరిక. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్మే ఆ గరికే. కాలువ గట్ల మీద, ఖాళీ స్థలాల్లో విరివిగా దొరుకుతుంది. మందు కొట్టిన చేల గట్ల మీది నుంచి, కుక్కలు తిరిగే చోటు నుంచి కాకుండా కోసుకుని, కడిగి, నీడలో ఆరబెట్టుకుంటే రెండు మూడు వారాల నిల్వ తయారవుతుంది. దీన్ని కూడా ఒక్కసారిగా మార్చకూడదు. పాత గడ్డిలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజుల్లో మార్చాలి. సీకమ్‌లోని బ్యాక్టీరియా కొత్త మేతకు అలవాటు పడడానికి ఆ సమయం కావాలి. ముసలి జంతువు విషయంలో ఈ వారం రోజుల నియమాన్ని తోసిపుచ్చితే వచ్చేవి నిజమైన విరేచనాలే.

ఆకుకూరల్లో కొత్తిమీర మంచిది. పాలకూర, తోటకూర ఎప్పుడైనా రెండు ఆకులు చాలు. గోంగూర వద్దు. క్యాబేజీ, కాలీఫ్లవర్ గ్యాస్ పుట్టిస్తాయి. గినీ పిగ్ మనలాగే ఒంట్లో విటమిన్ సి తయారు చేసుకోలేదు, రోజూ కిలోకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు బయటి నుంచి అందాలి, జబ్బులో ఇంకా ఎక్కువ. అది తగ్గితే కీళ్ళు నొస్తాయి, చిగుళ్ళు చెడతాయి, మేత తగ్గుతుంది, విరేచనాలు కూడా అవుతాయి. కుందేళ్ళ గుళికల్లో ఈ విటమిన్ కలపరు కాబట్టి అవే పెడుతుంటే లోటు మెల్లగా పేరుకుంటుంది. మన దగ్గర చీనీ (బత్తాయి) తోటలు ఎక్కువ. నలతగా ఉంటే చీనీ రసం తాగించడం అందరికీ అలవాటే. దీనికి మాత్రం రసం వద్దు, అందులోని చక్కెర పేగుల్లో పులుస్తుంది. క్యాప్సికం ముక్క అంతకన్నా ఎంతో నయం, వంద గ్రాముల్లో సుమారు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, చక్కెర తక్కువ.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో కారణం కలుస్తుంది. 27, 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడే జంతువు, 40 దాటే అనంతపురం ఎండలో మేత తగ్గించడం వింత కాదు. పొట్ట పాడైందని మందులు వెతికే ముందు గది ఎంత వేడిగా ఉందో చూడాలి. కూలర్ గాలి నేరుగా తగలకుండా గదిని చల్లబరచాలి. ఒక కడప బండ ముక్కను బోనులో ఒక వైపు వేస్తే జంతువు తనకు కావాలన్నప్పుడు వచ్చి దాని మీద పడుకుంటుంది. మిగతా సగంలో మెత్తటి గుడ్డ ఉండాలి, కీళ్ళనొప్పుల దానికి రోజంతా రాయి మీద ఉండడం మంచిది కాదు. నీళ్ళ సీసాను కూడా చూడాలి. బోరు నీళ్ళలోని సున్నం సీసా గొట్టం మొనలో పేరుకుంటే, నీళ్ళు వదిలే చిన్న గుండు అక్కడ బిగుసుకుపోతుంది. సీసా నిండుగా కనిపిస్తుంది, చుక్క మాత్రం రాదు. పెంటికలు ఎండిపోయాయంటే ముందు ఆ గుండును వేలితో కదిపి చూడాలి. పక్కన బరువైన చిన్న గిన్నెలో కూడా నీళ్ళు పెట్టడం మేలు.

ముసలి మగవాటికి ప్రత్యేకంగా వచ్చే ఒక బాధ ఉంది. వెనక భాగంలోని కండరాలు వదులై, మెత్తటి పెంటికలు మలద్వారం దగ్గరి సంచిలో ముద్దగా పేరుకుపోతాయి. ఇంట్లోవాళ్ళు మలబద్ధకం అనుకుంటారు. గోరువెచ్చటి నీళ్ళతో మెత్తబరిచి మెల్లగా తీయాలి, మొదటిసారి డాక్టర్ దగ్గర చూసి నేర్చుకోవాలి. ఆ తర్వాత ఇది రోజూ చేయాల్సిన సేవే అవుతుంది. మన ఎండల్లో అక్కడ తడి ఉంటే ఈగలు వాలి పురుగులు పడడానికి ఒక్క రోజు చాలు.

డాక్టర్ విషయానికి వస్తే, మన జిల్లాల్లోని పశువైద్యులు ఎక్కువగా చూసేవి గేదెలు, గొర్రెలు, కుక్కలు. గినీ పిగ్ అరుదుగా వస్తుంది. అందులో వాళ్ళ తప్పు లేదు. రాసుకున్న బరువులు, పెంటికల ఫోటో, చివరిసారి ఎప్పుడు తిన్నదో ఆ వేళ, ఇప్పటిదాకా వేసిన మందులు వివరంగా చెబితే వాళ్ళ పని సగం తేలికవుతుంది. పెన్సిలిన్ సంగతి కూడా మర్యాదగా గుర్తుచేయడంలో తప్పు లేదు. ప్రొద్దుటూరులో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశువైద్య కళాశాల ఉంది. ఇలాంటి చిన్న జంతువులను ప్రత్యేకంగా చూసే డాక్టర్లు కావాలంటే అనంతపురం వాళ్ళు బెంగళూరు, కర్నూలు వాళ్ళు హైదరాబాద్ వెళ్ళడం మామూలే. రెండూ రెండు వందల కిలోమీటర్లు దాటిన దూరాలు. ఆ ప్రయాణమే దానికి టెన్షన్. తెల్లవారుజామున బయల్దేరి, బుట్టలో దండిగా గడ్డి వేసి, తోడుగా పెరిగిన ఇంకో గినీ పిగ్ ఉంటే దాన్ని కూడా వెంట తీసుకెళ్ళడం మంచిది. స్థానిక డాక్టర్ దగ్గర నొప్పి మందు, సెలైన్ ఇప్పించుకున్నాకే దూర ప్రయాణం పెట్టుకోవాలి.

తేరుకుంటోందని మొదట చెప్పేవి పెంటికలే. సైజు పెరుగుతుంది, సంఖ్య పెరుగుతుంది, తర్వాత గడ్డి నమిలే చప్పుడు వినిపిస్తుంది. బరువు రెండు మూడు రోజులు నిలకడగా ఉండి, గడ్డి తనంతట తానే తింటేనే సిరంజి మానేయాలి. ఆకుకూరలు ఒక్కొక్కటిగా, రెండేసి రోజుల తేడాతో మళ్ళీ మొదలుపెట్టాలి. పళ్ళ జబ్బు ఉన్నదానికి మాత్రం ఇది ఒకసారితో తీరేది కాదు. పెరిగిన పళ్ళను అరగదీయించుకోవడానికి కొన్ని వారాలకొకసారి మత్తు ఇవ్వాల్సి వస్తుంటుంది. ఆరేళ్ళ ప్రాణి ఎన్నిసార్లు మత్తు తట్టుకుంటుంది, మధ్యలో ఉన్న రోజుల్లో హాయిగా తింటోందా, లేక ప్రతి పూటా సిరంజే దిక్కవుతోందా అన్నది డాక్టర్‌తో కూర్చుని దాచుకోకుండా మాట్లాడుకోవాల్సిన విషయం. ఆ రోజు కూడా పక్కన పెట్టుకోవాల్సింది రాసుకున్న బరువుల కాగితమే.